60 పుల్ల కేకులు, మే నెల ఎండ: ఒక పుట్టినరోజు ఆర్డర్ కేస్ స్టడీ

విజయవాడ పటమటలో మా ఇంటి వంటగదిలోనే ఆరేళ్లుగా కేకులు చేస్తున్నాను. మొదటి పుట్టినరోజు ఆర్డరంటే ఇప్పుడు పెద్ద టెన్షన్ ఏమీ ఉండదు. కానీ ఈ మేలో ఉయ్యూరు నుంచి వచ్చిన ఒక ఆర్డర్ మాత్రం నన్ను ఒక రాత్రి సరిగ్గా పడుకోనివ్వలేదు. కేక్ వల్ల కాదు, కేక్ పాప్స్ వల్ల. ఎక్కడ తప్పు చేశానో, ఎలా పట్టుకున్నానో, చివరికి ఎంత మిగిలిందో అంతా రాస్తున్నాను. వీడియోల్లో చూపించే కేక్ పాప్స్ లెక్కలు చాలావరకు చల్లటి ఊళ్ల లెక్కలు. బెజవాడ మే నెలలో అవి పనిచేయవని నేను చేతులు కాల్చుకుని తెలుసుకున్నాను.

ఆర్డర్ ఇదీ. బాబు మొదటి పుట్టినరోజు, చిన్ని కృష్ణుడి థీమ్. 3 కేజీల ఎగ్‌లెస్ కేక్, రెండంతస్తులు, పై అంతస్తు వెన్నకుండ ఆకారంలో. దాంతోపాటు 60 కేక్ పాప్స్, సగం వెన్నముద్దల్లా తెల్లగా, సగం నెమలి నీలంలో. శనివారం సాయంత్రం 7 గంటలకి, సొంత మేడ మీద షామియానా కింద. ఆ చివరి మాట విన్నప్పుడే నేను కొంచెం ఆలోచించాల్సింది. బాబు వాళ్లమ్మ ఫోన్లో, "అక్కా, కేక్ సైజు కొంచెం తగ్గినా పర్లేదు గానీ పాప్స్ మాత్రం తగ్గించకండి, పిల్లలే నలభై మంది ఉంటారు" అంది. వెనక నుంచి నాయనమ్మ గారి గొంతు వినిపించింది, "ఏంటే అవి, పుల్ల కేకులా?" అని. పుల్ల ఐసు ఉన్నప్పుడు పుల్ల కేకు ఉండకూడదా! ఆ రోజు నుంచి మా ఇంట్లో వాటి పేరు అదే.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. చేసిన కేకుని చిదిమి పొడి చేసి, ఏదైనా క్రీమో గనాషో (చాక్లెట్, క్రీమ్ కలిపి కరిగించిన ముద్ద) కొద్దిగా కలిపి ఉండలు చుట్టి, పుల్ల గుచ్చి, కరిగిన చాక్లెట్‌లో ముంచి తీస్తే అది కేక్ పాప్. 2008 ప్రాంతంలో అమెరికాలో ఒక బ్లాగర్ వల్ల ఇవి బాగా పాపులర్ అయ్యాయి. కానీ ఆలోచన మనకి కొత్తేమీ కాదు. మా అత్తయ్యది బందరు. బందరు లడ్డు చేసేది ఎలా? శనగపిండిని జంతికల్లా వత్తి వేయించి, దాన్ని దంచి పొడి చేసి, బెల్లం పాకం, నెయ్యి పోసి మళ్లీ దంచి ఉండ కడతారు, అందుకే తొక్కుడు లడ్డు అని కూడా అంటారు. ఒకసారి వండినదాన్ని పొడిచేసి మళ్లీ ఉండ కట్టడం, అంతేగా. ఈ మాట నేను తెలివిగా ముందే ఆలోచించి చెప్తున్నది కాదు, పని చెడిపోయాక అత్తయ్య చెప్తే తలకెక్కింది.

ముందు కేక్ సంగతి తొందరగా చెప్పేస్తాను, అది పెద్దగా ఏడిపించలేదు. స్పాంజికి నేనెప్పుడూ వాడే పెరుగు, నూనె లెక్కే: మైదా 190 గ్రాములు, పంచదార 200, పెరుగు ఒక కప్పు, నూనె అరకప్పు, బేకింగ్ పౌడర్ ఒకటింబావు టీస్పూను, వంటసోడా అర టీస్పూను, వెనిల్లా ఒక టీస్పూను. 8 అంగుళాల టిన్నులో 180 డిగ్రీల్లో 35 నిమిషాలు. ఇది చల్లారాక 670 గ్రాముల దాకా తూగుతుంది. వాళ్లు మామిడిపండు ఫిల్లింగ్ అడిగారు, బంగినపల్లి సీజన్ కదా. పచ్చి గుజ్జు అయితే ఆ ఎండకి నీరు కారుతుంది, పులిసే భయం కూడా ఉంది, కాబట్టి గుజ్జుని పంచదారతో జామ్‌లా దగ్గరపడేదాకా ఉడికించి, చుట్టూ గనాష్‌తో గట్టు కట్టి మధ్యలో పల్చగా పరిచాను. బయట విప్ క్రీమ్ వద్దని ముందే చెప్పేశాను. మేడ మీద విప్ క్రీమ్ పెడితే కేక్ కోసే టైముకి అది మజ్జిగే. వైట్ కాంపౌండ్ (కోకో బటర్ లేని తెల్ల చాక్లెట్) 3 పాళ్లు, క్రీమ్ ఒక పాలు వేసిన గట్టి గనాష్‌తో మొత్తం కవర్ చేశాను. డార్క్ అయితే 2 పాళ్లకి ఒక పాలు సరిపోతుంది, వైట్‌కి మాత్రం ఎక్కువ కావాలి.

ఇక పుల్ల కేకులు.

బుధవారం రాత్రి స్పాంజి కాల్చి పెట్టుకున్నాను. గురువారం సాయంత్రం 600 గ్రాముల పొడికి 200 గ్రాముల క్రీమ్ కలిపాను. ఎందుకు అంత అంటే, ఎక్కడో చూసిన కొలత అది, నేను కూడా ఒక్కసారి ఆగి ఆలోచించలేదు. ఆ కొలత పొడిపొడిగా ఉండే కేకుకి. మన పెరుగు, నూనె స్పాంజిలో తడి, జిడ్డు ముందే ఉన్నాయి, దానికి క్రీమ్ తోడయ్యేసరికి చపాతీ పిండిలా సాగింది. బాగా కలిసిందని సంతోషపడ్డాను కూడా. 35 గ్రాముల చొప్పున 22 ఉండలు వచ్చాయి, దాదాపు మన ఇంటి లడ్డు సైజు. చూడ్డానికి నిండుగా ఉంటుందని అనుకున్నాను. ఫ్రీజర్లో 15 నిమిషాలు పెట్టాలి, ఈలోపు పక్కింటావిడ వచ్చి కూర్చున్నారు, ఆవిడ లేచేసరికి గంటా పదినిమిషాలు. ఉండలు గోలీల్లా గట్టిగా ఉన్నాయి. మంచిదేగా, జారిపోవు అనుకుని పుల్లలు గుచ్చేశాను, గట్టిగా ఉండటంతో లోపలికి దిగక రెండు మూడు అక్కడే చీలాయి.

వైట్ కాంపౌండ్ చిక్కగా ఉందని 400 గ్రాములకి 3 టేబుల్ స్పూన్ల రిఫైన్డ్ నూనె కలిపాను. నున్నగా, ధారగా జారుతోంది. ముంచాను, తట్టాను, థర్మోకోల్‌కి గుచ్చాను. నిమిషంలో గట్టిపడి మెరుస్తున్నాయి. ఫోటో తీసి బాబు వాళ్లమ్మకి పంపించాను, ఆవిడ గుండె గుర్తులు పంపింది. రాత్రి పదిన్నరకి హాయిగా పడుకున్నాను.

పొద్దున్నే చూస్తే 22లో 15కి పగుళ్లు. సన్నగా కాదు, ఎండిన చెరువులా. నాలుగు పుల్ల మీద నుంచి కిందికి జారి థర్మోకోల్‌కి అంటుకుని కూర్చున్నాయి. మిగిలిన మూడు బాగానే ఉన్నట్టున్నాయి గానీ, పుల్ల దిగిన చోట నుంచి పసుపుపచ్చగా నూనె బొట్లు. తెల్ల కోటింగ్ కదా, ఏదీ దాగదు. చాక్లెట్ రంగులో అయితే సగం తప్పులు ఎవరికీ కనబడవు, తెలుపు మాత్రం అన్నీ బయటపెట్టేస్తుంది.

శుక్రవారం పొద్దున 7 గంటలు. ఫంక్షన్‌కి ఇంకా 36 గంటలు. నా మొదటి ఆలోచన ఏంటో తెలుసా, పగుళ్ల మీద ఇంకో కోటింగ్ వేసేద్దాం అని. ఒకదానికి వేసి చూశాను కూడా. పది నిమిషాల్లో పై పొర కూడా పగిలింది, పైగా మొత్తం బరువు పెరిగి పుల్ల వంగింది. అప్పుడు కూర్చున్నాను.

అత్తయ్య వచ్చి మిగిలిన పిండి ముద్దని చేత్తో పట్టి చూసి, "ఇది ఉండకి పనికొచ్చే పిండి కాదమ్మా. సున్నుండకి నెయ్యి ఎంత పోస్తాం? గుప్పిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో నొక్కితే విరగాలి. ఇది విరగట్లేదు, సాగుతోంది" అన్నారు. నేను వేయింగ్ మిషన్ మీద ఎంత పొడికి ఎంత క్రీమ్ అని చూస్తున్నాను, ఆవిడ వేళ్లతో చూస్తున్నారు. ఆవిడ లెక్కే కరెక్టు.

అయినా పిండి ఒక్కటే కారణమని తేల్చేయడానికి నాకు ధైర్యం చాలలేదు, ఎందుకంటే పగిలినవి, జారినవి, నూనె కక్కినవి వేరు వేరుగా ఉన్నాయి. మూడిటికీ కారణం ఒకటే అయ్యుండాలని ఏమీ లేదు కదా. అందుకని పాడైన ఉండల్లో కొన్నిటి కోటింగ్ ఒలిచి, ఆ పిండితో రెండేసి ఉండల చొప్పున నాలుగు జతలు చేసి, ఒక్కో జతకి ఒక్కో మార్పు మాత్రమే చేశాను. ఇంటి బేకర్లకి ఇది చెప్పాలి, పని చెడినప్పుడు మనం కంగారులో నాలుగూ ఒకేసారి మార్చేస్తాం. బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలీదు, వచ్చే నెల మళ్లీ అదే ఏడుపు.

మొదటి జత నిన్నటిలాగే, అదే పిండి, ఫ్రీజర్ నుంచి తీసి సూటిగా కోటింగ్‌లోకి. పావుగంటలో టప్పుమని చప్పుడు కూడా వినిపించింది, పగిలాయి. రెండో జత అదే పిండి, కానీ ఫ్రీజర్ కాదు, ఫ్రిజ్‌లో అరగంట పెట్టి, బయట 15 నిమిషాలు ఉంచి ముంచాను. పగల్లేదు! కానీ గంట తర్వాత నెమ్మదిగా జారడం మొదలైంది, పుల్ల దగ్గర నూనె వచ్చింది. అంటే పగుళ్లకి కారణం చలి, జారడానికి కారణం పిండి. మూడో జతకి పిండిలో పొడి కేకు కలిపి అత్తయ్య చెప్పిన పాకానికి తెచ్చాను, ఫ్రిజ్ పద్ధతి రెండో జత లాగానే. పగల్లేదు, జారలేదు, నూనె రాలేదు. కానీ మధ్యాహ్నానికి వేలు పెడితే ముద్ర పడుతోంది, జిడ్డుగా. నాలుగో జతకి కోటింగ్‌లో నూనె తగ్గించాను, 400 గ్రాములకి ఒక్క టీస్పూను. ఏసీ లేని హాల్లో సాయంత్రం దాకా పెట్టినా ముద్ర పడలేదు.

ఇప్పుడు కారణాలు చెప్పుకుంటే చాలా మామూలుగా అనిపిస్తాయి. గడ్డకట్టిన ఉండ మీద వేడి కోటింగ్ పడగానే అది టక్కున గట్టిపడి బిగుసుకుంటుంది. ఆ తర్వాత లోపలి ఉండ మెల్లగా చలి వదిలి ఉబ్బుతుంది. పై పెంకుకి సాగే గుణం లేదు, పగలక ఏం చేస్తుంది? వేడి గాజు గ్లాసులో చన్నీళ్లు పోసినట్టే. పిండిలో జిడ్డు ఎక్కువైతే అది బయటికి రావడానికి దారి వెతుక్కుంటుంది, కోటింగ్‌లో బలహీనమైన చోటు పుల్ల దిగిన కన్నమే కాబట్టి అక్కడి నుంచి వస్తుంది. ఇక కోటింగ్‌లో నూనె సంగతి. అసలైన చాక్లెట్‌లో ఉండే కోకో బటర్ 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, టెంపరింగ్ కూడా (కరిగించి, లెక్క ప్రకారం చల్లార్చి గట్టిపరచడం) చేయాలి. ఆ బాధ పడలేకే మనం కాంపౌండ్ వాడతాం, అందులో కోకో బటర్‌కి బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్ ఉంటుంది, టెంపరింగ్ లేకుండానే గట్టిపడుతుంది, ఎండకి కొంచెం ఎక్కువ తట్టుకుంటుంది. ఆ తట్టుకునే గుణాన్ని నేను 3 స్పూన్ల నూనె పోసి నా చేతులతోనే పోగొట్టాను. నూనె ఫ్రిజ్‌లోనూ సరిగ్గా గడ్డకట్టదు, మే నెలలో మేడ మీద కడుతుందా!

కోటింగ్ చిక్కగా ఉంటే ఏం చేయాలి మరి? పొడుగాటి, ఇరుకు గ్లాసు తీసుకోవాలి, ఉండ పూర్తిగా మునిగేంత లోతుగా పోసుకోవాలి. వెడల్పు గిన్నెలో తిప్పి తిప్పి పూస్తే ఉండ ఊడి లోపల పడుతుంది. మైక్రోవేవ్‌లో సగం పవర్ మీద 30 సెకన్లకోసారి తీసి కలుపుతూ కరగబెట్టాలి, వైట్ కాంపౌండ్ ఎక్కువ వేడెక్కినా చిక్కబడి పిండిపిండిగా అవుతుంది, అప్పుడు మనం మళ్లీ నూనె పోస్తాం. నా చిక్కదనానికి సగం కారణం అదే అయ్యుంటుంది. డబుల్ బాయిలర్ (వేడి నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె) మీద పెడితే ఆవిరి చుక్క పడకుండా చూసుకోవాలి, ఒక్క నీటి చుక్క చాలు మొత్తం ముద్ద కట్టేస్తుంది. రంగు విషయంలోనూ అంతే, కేక్ క్రీమ్‌లో వాడే నీళ్ల రంగు, జెల్ రంగు వేస్తే పాడవుతుంది, నూనెలో కలిసే చాక్లెట్ రంగులే వాడాలి.

శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ రెండు స్పాంజీలు. వీటికి కేక్ పొరల పైన కోసేసిన గుబ్బలు ఒక 200 గ్రాములు కలిపితే 1500 గ్రాముల పైన పొడి వచ్చింది. కేక్ పూర్తిగా చల్లారాకే చిదమాలి, వేడి మీద చిదిమితే ఆవిరి తడి అందులోనే ఉండిపోతుంది. పైన, కింద ఉండే గోధుమ రంగు పొర తీసేశాను, తెల్లటి కోటింగ్ కింద నల్ల మచ్చల్లా కనబడుతుంది. ఈసారి క్రీమ్ కాదు, గనాషే, 600 గ్రాముల పొడికి 70 గ్రాములు. అది కూడా ఒకేసారి పోయలేదు, స్పూను స్పూనుగా వేస్తూ, గుప్పిట్లో నొక్కి చూస్తూ. ఉండ 25 గ్రాములు, కచ్చితంగా తూచి. 68 ఉండలు, 8 అదనం. చుట్టేటప్పుడు ముందు గట్టిగా గుప్పిట్లో రెండుసార్లు నొక్కి తర్వాతే అరచేతుల మధ్య తిప్పాలి. సూటిగా తిప్పడం మొదలుపెడితే లోపల గాలి ఖాళీలు ఉండిపోతాయి, పైకి నున్నగానే ఉంటుంది, పుల్ల గుచ్చగానే చీలుతుంది. ఇది కూడా అత్తయ్యదే. ఆవిడ 40 చుట్టారు, నేను 28. ఆవిడవే గుండ్రంగా వచ్చాయి, ఒప్పుకోవాలి.

పుల్ల కొనని కోటింగ్‌లో సెంటీమీటరు ముంచి, ఉండలో సగం దాకా మాత్రమే గుచ్చాలి. పైకి పొడుచుకు రాకూడదు. ఆ చాక్లెట్ గట్టిపడి పుల్లకీ ఉండకీ మధ్య జిగురులా పట్టుకుంటుంది. తర్వాత ఫ్రిజ్‌లో 20 నిమిషాలు, బయట 10, 15 నిమిషాలు, అప్పుడు ముంచడం. ముంచాక పుల్లని నిలువుగా పట్టుకుని మణికట్టు మీద ఇంకో చేత్తో మెల్లగా తట్టాలి, పుల్లని గ్లాసు అంచుకి కొడితే మాత్రం ఉండ ఊడుతుంది.

మా ఇంట్లో ఏసీ పడగ్గదిలోనే ఉంది. కాబట్టి మైక్రోవేవ్, గ్లాసులు, థర్మోకోల్ షీట్లు అన్నీ పడగ్గదిలోకి వెళ్లాయి, మా ఆయన దిండు తీసుకుని హాల్లోకి వెళ్లారు. థర్మోకోల్‌కి క్లింగ్ ఫిల్మ్ చుట్టండి, లేకపోతే ఆ తెల్ల పూసలు పుల్లలకి అంటుకుంటాయి. 24 డిగ్రీల్లో పని చాలా బాగా సాగింది. 41 ముంచాను. 11:40కి కరెంటు పోయింది.

ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతుంది గానీ ఏసీ తిరగదు కదా. గదిలో వేడి పెరిగేకొద్దీ, ఇంతకుముందు మూడు నాలుగు నిమిషాల్లో గట్టిపడే కోటింగ్ పావుగంటైనా మెత్తగానే ఉంటోంది, కిందికి జారి పుల్ల దగ్గర కాలర్‌లా పేరుకుంటోంది. ఆగిపోవాల్సింది. నేను ఆగలేదు, ముంచినవాటిని ఫ్రిజ్‌లో పెట్టి ఐదేసి నిమిషాలకి తీయడం మొదలుపెట్టాను. తీయగానే బయటి ఉక్కకి వాటికి చెమట పట్టింది. కృష్ణా ఒడ్డున మే రాత్రి ఉక్క ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ నీటి చుక్కలు ఆరాక తెల్లగా, మసకగా మచ్చలు మిగిలాయి. అలా తొమ్మిది పాడయ్యాయి. ఒకటిన్నరకి కరెంటు వచ్చాక మిగిలినవి ముంచాను, మూడింటికి పడుకున్నాను. మచ్చలు పడిన తొమ్మిదింటినీ నీలం లెక్కలోకి మార్చి వాటి మీద నీలం కోటింగ్ ఇంకో పొర వేశాను. ఇక్కడ రెండో పొర ఎందుకు నిలిచిందంటే, లోపలి ఉండ అప్పటికే గది వేడికి వచ్చేసింది, ఇక ఉబ్బేదేమీ లేదు. 

నీలం గురించి ఒక చిన్న సంగతి. వైట్ కాంపౌండ్ నిజానికి తెలుపు కాదు, మీగడ రంగు, కొంచెం పసుపు ఛాయ ఉంటుంది. అందులో నీలం కలిపితే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. ఆకాశనీలం అడిగిన ఆర్డర్లలో ఇది తలనొప్పి. నెమలి నీలానికి మాత్రం అడక్కుండానే దొరికిన వరం. వెన్నముద్దలకైతే ఆ మీగడ రంగే కరెక్టు, తెల్లగా చేయడానికి ఏమీ కలపలేదు. వాటి మీద ఫాండెంట్‌తో (చపాతీలా ఒత్తే పంచదార ముద్ద) చేసిన చిన్న నెమలి కన్ను ఒక్కటి, కరిగిన చాక్లెట్ బొట్టుతో అతికించాను. నీలం వాటి మీద బంగారు రంగు గీతలు. బాబు వాళ్లమ్మ వెండి గుళ్లు కూడా చల్లమంది, వద్దన్నాను, ఏడాది, రెండేళ్ల పిల్లలు ఉంటారు, అవి గట్టిగా రాళ్లలా ఉంటాయి, గొంతులో పడితే? బంగారు డస్ట్ కొనేటప్పుడు కూడా డబ్బా మీద తినదగినది అని రాసి ఉందా చూసుకోండి. నాన్ టాక్సిక్ అని మాత్రమే ఉంటే అది తినడానికి కాదు, తీసి పారేసే అలంకరణకి మాత్రమే. షాపువాళ్లే రెండూ ఒకటేనని చెప్పి అమ్ముతుంటారు.

శనివారం పొద్దున వెన్నకుండ. 6 అంగుళాల పొరలు నాలుగు పేర్చి, గంట ఫ్రిజ్‌లో పెట్టి, రంపం కత్తితో పైనా కిందా గుండ్రంగా చెక్కి, గనాష్ పూసి, పైన మట్టి రంగు ఫాండెంట్. ఫాండెంట్‌కి కూడా ఉక్కలో చెమట పడుతుంది, అందుకని కుండకీ, ఆ చిన్న నెమలి కళ్లకీ తప్ప ఎక్కడా వాడలేదు. కింది అంతస్తులో నాలుగు డవెల్స్ (పై అంతస్తు బరువు మోసే పుల్లలు), పై అంతస్తు కింద సన్న బోర్డు. రెండూ విడివిడిగా తీసుకెళ్లి అక్కడే పేర్చాలని ముందే అనుకున్నాం.

4 గంటలకి బయల్దేరాం. బందరు రోడ్డు మీద కంకిపాడు దాటి ఉయ్యూరు, 30 కిలోమీటర్లకి కొంచెం అటూ ఇటూ. కేక్ బాక్సులు సీటు మీద పెట్టకూడదు, సీటు వెనక్కి వాలి ఉంటుంది. డిక్కీలో ఏసీ తగలదు. ముందు సీటు వెనక్కి జరిపి కాళ్లు పెట్టుకునే చోట కింది అంతస్తు, కుండ నా ఒళ్లో. పుల్ల కేకులు థర్మోకోల్ షీటుకి గుచ్చినవి గుచ్చినట్టు రెండు పొడుగాటి బాక్సుల్లో, గాలి చొరకుండా టేపు వేసి, వెనక సీటు కింద. మా ఆయన ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా నా మొహం చూసి బ్రేకు వేశారు. పెళ్లయిన కొత్తలో కూడా అంత జాగ్రత్తగా నడపలేదు.

అక్కడికి వెళ్లాక అసలు గొడవ. ఫోటోగ్రాఫర్ ఐదున్నరకే కేక్ టేబుల్ మొత్తం సర్దమన్నాడు, ఫోకస్ లైట్లు వేసి తీస్తాడట. మేడ మీద ఇంకా సెగ తగ్గలేదు, ఆ లైట్ల ముందు చెయ్యి పెడితే కాలుతోంది. నేను ఒప్పుకోలేదు. "అక్కా, ఫోటోలు ముఖ్యం కదా" అని బాబు వాళ్లమ్మ బతిమాలింది. చివరికి ఒప్పందం, ఆరు పుల్ల కేకులు మాత్రం ఫోటోలకి ఇస్తాను, మిగతావన్నీ కింద ఏసీ గదిలో, మూత తీయకుండా, కేక్ కోసే ముందు పావుగంటకి పైకి. మూత తీయకుండా అని ఎందుకంటే, చల్లటి బాక్సు పైకి తెచ్చి వెంటనే తెరిస్తే ఆ ఉక్కంతా ఉండల మీదే చెమటై పడుతుంది, కాసేపు మూసి ఉంచితే ఆ చెమట బాక్సుకి పడుతుంది. ఫోటోలకి ఇచ్చిన ఆరులో రెండు అరగంటలో మెత్తబడి ఒక పక్కకి ఒరిగాయి. 24 డిగ్రీల గదిలో నిలిచిన కోటింగ్, హాల్లో నిలిచిన కోటింగ్, ఆ లైట్ల ముందు నిలవలేదు. అది చూశాక ఫోటోగ్రాఫర్ ఇంకేమీ అడగలేదు.

60కి 60 ఇచ్చాను. దారిలో రెండు ఒకదానికొకటి తగిలి గీతలు పడ్డాయి, లైట్ల దగ్గర రెండు పోయాయి, అదనంగా చేసిన ఎనిమిది అక్కడ కాపాడాయి. పంచడం మొదలయ్యాక ఏడెనిమిది నిమిషాల్లో ఒక్కటీ మిగల్లేదు, పెద్దవాళ్లు పిల్లలకని తీసుకుని తామే తిన్నారు.

కానీ ఒక ఫిర్యాదు వచ్చింది, అది న్యాయమైనదే. ఆదివారం పొద్దున బాబు వాళ్లమ్మ ఫోటో పంపింది. బాబు నోరు తెరిచి నవ్వుతున్నాడు, నాలుక, పెదాలు, గడ్డం అంతా నీలం. యశోదమ్మకి లోకాలు కనిపించాయి, ఈవిడకి నా కలర్ బాటిల్ కనిపించింది. అక్కడి వరకు నవ్వుకునే విషయమే, తర్వాతి ఫోటోలో బాబు పట్టు పంచె మీద నీలం మరక. "అక్కా, ఇది పోతుందా?" అని అడిగింది. డ్రై క్లీనింగ్ ఖర్చు నేనిస్తానన్నాను, ఆవిడ వద్దంది, అయినా బ్యాలెన్స్‌లో 300 తగ్గించాను. అర్ధరాత్రి తొందరలో రంగు సరిగ్గా తేలలేదని ఇంకా ఇంకా వేశాను, అదీ తప్పు. చాక్లెట్ రంగులు కలిపి కొన్ని గంటలు వదిలేస్తే వాటంతటవే ముదురుతాయి, నా నీలం శనివారం సాయంత్రానికి నేను కలిపినదానికంటే బాగా ముదిరింది. ఇప్పుడు ముదురు రంగు అడిగితే, కోటింగ్ మీగడ రంగులోనే ఉంచి గీతల్లో మాత్రమే రంగు వేస్తున్నాను.

డబ్బు లెక్క కూడా చెప్పాలి, దీన్ని అందరం దాచుకుంటాం. పుల్ల కేకు ఒక్కోటి 40 రూపాయలు చెప్పాను, 60కి 2,400. పాడైనవాటితో కలిపి కాంపౌండ్, స్పాంజి సరుకులు, పుల్లలు, బాక్సులు అంతా 1,400 దాకా అయింది. మిగిలింది 1,000, అందులో పంచె మరక 300. పని గంటలు నావి 11, అత్తయ్యవి లెక్కలోకి రానివ్వలేదు. కేక్ మీద మిగిలిందే ఆ వారం నా సంపాదన. తప్పులు జరక్కపోయినా కూడా 40 రూపాయలకి ఇది గిట్టే పని కాదు, ఒక్కోదాన్ని ఐదారుసార్లు చేత్తో పట్టుకోవాలి. కప్‌కేక్ అయితే ఒకసారి నింపి ఒకసారి క్రీమ్ పెడితే అయిపోతుంది. ఇప్పుడు 60 రూపాయలు చేశాను, 24 పుల్ల కేకులకి తక్కువైతే తీసుకోను, ఏప్రిల్, మే నెలల్లో ఆరుబయట ఫంక్షన్లకి అసలు తీసుకోను.

పాడైన మొదటి ఉండలు ఏమయ్యాయని మా చెల్లి అడిగింది. కోటింగ్ ఒలిచేసి, లోపలిదాన్ని గ్లాసుల్లో వేసి, మిగిలిన మామిడి జామ్, క్రీమ్ పొరలుగా పోసి అపార్ట్‌మెంట్ పిల్లలకి ఇచ్చాను. వాళ్లు అవే మళ్లీ చేయమని అడుగుతున్నారు.

నిన్న గన్నవరం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు, సెప్టెంబర్‌లో కూతురి పుట్టినరోజుకి 100 కావాలట. 60 రూపాయలని చెప్పాను. "ఉండకి అరవైయా!" అన్నారు. అవునన్నాను. వాళ్లాయన్ని అడిగి చెప్తానన్నారు, ఇంకా ఫోన్ రాలేదు.